మన ఏలూరబ్బాయి హిందీ సినిమాకి చెప్పిన ఇంటి కథలు

మన జంషెడ్‌పూర్‌లో కద్మా, సోనారీ, టెల్కో, గోల్మురీ... ఏ పేటలో నలుగురు తెలుగు ఆడవాళ్ళం కలిసినా ఈమధ్య ఒకటే మాట వినిపిస్తోంది. "అక్కా, తెలుగు సినిమా పెడితే మా పిల్లలు పది నిమిషాలు కూచోవడం లేదు. హిందీ అయితే రెప్ప వెయ్యరు. మనవాళ్ళ గొప్ప వాళ్ళకి ఎలా చెప్పాలి?" అని.

హిందీలోనే చెప్పండమ్మా. ఆ హిందీ సినిమాలోనే మనవాడొకడున్నాడు. రాజ్ కపూర్‌నీ మీనాకుమారినీ నడిపించి, నందాని ఇంటింటి చెల్లెల్ని చేసి, 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నవాడు. ఎల్.వి.ప్రసాద్ గారు. ఈ నెల ముచ్చట ఆయన గురించే.

ఆయన పూర్తి పేరు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. 1908 జనవరి 17న ఏలూరు పక్కన సోమవరప్పాడులో పుట్టారు. మన ఊరి లెక్కలో చెప్పాలంటే, సాక్చి అడవుల్లో టాటా కంపెనీ పనులు మొదలైన సంవత్సరమే అది. ఇక్కడ మొదటి ఉక్కు దిమ్మ బయటికొచ్చిన 1912 నాటికి ఆయనకి నాలుగేళ్ళు. తండ్రి శ్రీరాములు గారు, తల్లి బసవమ్మ గారు. వ్యవసాయం చేసుకునే ఇల్లు. పిల్లవాడికి చదువు అబ్బలేదు, మనసంతా నాటకాల మీదే. ఊళ్ళోకి నాటకం వాళ్ళొస్తే ఇక ఇంట్లో ఉండేవాడు కాదు.

1924లో, మీసాలు సరిగా రాని వయసులో, మేనమామ కూతురు సౌందర్య మనోహరమ్మతో పెళ్ళి చేశారు. త్వరలోనే ఒక ఆడపిల్ల పుట్టింది. అంతలో తండ్రి అప్పుల్లో కూరుకుపోయారు. తీర్చలేనని నలుగురి ముందూ ఒప్పుకోవలసి వచ్చింది. పల్లెటూళ్ళో ఆ మాట ఎంత బరువో మీకు చెప్పక్కర్లేదు. ఆ తలవంపులు భరించలేక, చేతిలో వంద రూపాయలతో, ఎవరికీ చెప్పకుండా కుర్రాడు బొంబాయి రైలెక్కేశాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆయన జీవితం రాసినవాళ్ళంతా ఈ ఘట్టాన్ని సాహసమనే రాస్తారు. నిజంగా సాహసమే. కానీ ఆ ఇంట్లో చంటిపిల్లతో ఉన్న మనోహరమ్మ గారిని తలుచుకోకుండా నేను ముందుకు కదలలేను. మొగుడు ఎక్కడున్నాడో తెలియదు, వస్తాడో రాడో తెలియదు. అప్పులున్న అత్తవారిల్లు. ఆమె అడిగిన ప్రశ్నలు, వినవలసి వచ్చిన మాటలు ఎక్కడా అచ్చుకాలేదు. మన జంషెడ్‌పూర్ ఆడవాళ్ళకి ఆమె బాధ తొందరగా తెలుస్తుంది. మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి కంపెనీ పనికి వచ్చినప్పుడు, మన నాయనమ్మలు కూడా ఊళ్ళో పిల్లల్ని పెట్టుకుని ఉత్తరం కోసం ఎదురుచూసినవాళ్ళే. ప్రసాద్ గారు తర్వాత ఊరికి తిరిగొచ్చి భార్యని బొంబాయి తీసుకెళ్ళారు. ఆయన ఎదుగుదలలో సగం ఆమె ఓర్పేనని నా నమ్మకం.

బొంబాయిలో ఆయనకి మొదట దొరికింది వీనస్ ఫిలిం కంపెనీలో చిల్లర పనులు చేసే కుర్రాడి ఉద్యోగం. చెప్పిన పని చెయ్యడం, పిలిస్తే పలకడం. ఆ తర్వాత మూకీ సినిమాలో చిన్న వేషం. 1931లో ఆర్దేషిర్ ఇరానీ తీసిన 'ఆలం ఆరా', అంటే మన దేశపు మొట్టమొదటి టాకీ, అందులోనూ చిన్న వేషమే. అదే ఏడాది హెచ్.ఎం.రెడ్డి గారి 'కాళిదాస్'లో వేశారు. తమిళ పాటలూ మాటలూ వినిపించిన తొలి టాకీ అది. 1932లో మన 'భక్త ప్రహ్లాద'. హిందీ, తమిళం, తెలుగు, మూడు భాషల తొలి టాకీల్లోనూ తెర మీద కనిపించిన మనిషి ఆయన. పిల్లలకి ఈ ఒక్క సంగతి చెప్పి చూడండి, చేతిలో ఫోను పక్కన పెట్టి ఆశ్చర్యపోతారు.

అంత పెద్ద పేరు రాయలేక ఒక గుమాస్తా 'ఎల్.వి.ప్రసాద్' అని కుదించేశాడట. ఆ కుదించిన పేరే నిలబడిపోయింది.

ఇక అసలు సంగతి వినండి. 1931లో తెర మీద కనిపించిన మనిషికి దర్శకుడి కుర్చీ ఎప్పుడు దొరికిందనుకుంటున్నారు? 'గృహప్రవేశం' 1946లో విడుదలైంది. అప్పటికి ఆయనకి 38 ఏళ్ళు. ఈ మధ్యలో సహాయ దర్శకుడిగా తిరిగారు. ఒక తెలుగు సినిమాలో పని దొరికిందని సంబరపడితే అది కొన్ని రీళ్ళకే ఆగిపోయింది. పృథ్వీరాజ్ కపూర్ గారి పృథ్వీ థియేటర్స్‌లో చేరి నాటకాల ముచ్చట తీర్చుకున్నారు. ఊరికి తిరిగి వెళ్ళిపోవడానికి కారణాలు బోలెడున్నా వెళ్ళలేదు. డిగ్రీ చేతికొచ్చి రెండేళ్ళయినా ఉద్యోగం లేదని ఇంట్లో కొడుకునో కూతుర్నో రోజూ పొడుస్తున్న తల్లులున్నారు కదా మనలో, వాళ్ళు ఈ 38 అంకె గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను.

'గృహప్రవేశం' తర్వాత ఆయన ఆగలేదు. గూడవల్లి రామబ్రహ్మం గారు జబ్బుపడితే 'పల్నాటి యుద్ధం' పూర్తి చేశారు. 1949లో కృష్ణవేణి గారు నిర్మించిన 'మనదేశం'తో ఎన్.టి.రామారావు గారిని తెరకి పరిచయం చేశారు. 1950లో 'షావుకారు', 'సంసారం', 1952లో 'పెళ్ళిచేసి చూడు', 1955లో 'మిస్సమ్మ'. పేర్లు చదువుతుంటేనే మీ పెదాల మీద నవ్వు వచ్చి ఉంటుంది. ఇవన్నీ మీకు తెలిసినవే కనుక ఇక్కడ ఎక్కువ ఆగను. మన పిల్లలకి తెలియాల్సింది ఆ తర్వాతి కథ.

1957లో ఆయన దర్శకత్వంలో రెండు హిందీ సినిమాలొచ్చాయి, 'మిస్ మేరీ', 'శారద'. రెండిట్లోనూ మీనాకుమారే నాయిక.

'మిస్ మేరీ' మన 'మిస్సమ్మే'. సావిత్రి గారి వేషం మీనాకుమారి వేసింది, రామారావు గారి వేషం జెమినీ గణేశన్, నాగేశ్వరరావు గారి వేషం కిషోర్ కుమార్. జమున గారు మాత్రం రెండిట్లోనూ ఉన్నారు. ఉద్యోగం లేని ఇద్దరు చదువుకున్నవాళ్ళు. ఆమె క్రైస్తవురాలు, అతను హిందువు. మొగుడూ పెళ్ళాలకే ఉద్యోగం ఇస్తామన్న బళ్ళో చేరడానికి మొగుడూ పెళ్ళాలమని అబద్ధం చెప్తారు. ఈ కథకి మూలం బెంగాలీలో రవీంద్రనాథ్ మైత్ర రాసిన 'మాన్మయీ గర్ల్స్ స్కూల్'. బెంగాల్లో పుట్టి, తెలుగులో పెరిగి, హిందీలో దేశమంతా తిరిగిన కథ. ఎడమ పక్క క్వార్టర్లో బెంగాలీలు, కుడి పక్కన బీహారీలు, మధ్యలో మనం ఉండే ఈ ఊరికి ఇంతకన్నా దగ్గరి కథ ఏముంటుంది?

నాకు ఈ సినిమా ఎందుకిష్టమో చెప్తాను. అందులో అమ్మాయి ఉద్యోగం చేసేది సరదాకి కాదు, ఇంటి అప్పు కోసం. కోపం వస్తే దాచుకోదు. తన మతం తనదేనంటుంది. మనసు మారితే తనంతట తనే మారుతుంది. దాదాపు 70 ఏళ్ళ కిందట అంత ఆత్మగౌరవం ఉన్న ఆడపిల్లని నవ్విస్తూ చూపించాడాయన. అప్పు ఇంట్లో పెరిగిన మనిషి కనుకే ఉద్యోగం విలువ, అప్పు బరువు అంత బాగా తెలిశాయని అనుకుంటాను. 1969లో జితేంద్ర, తనూజలతో తీసిన 'జీనే కీ రాహ్' కూడా అలాంటిదే. పెళ్ళయిందని చెప్తే ఉద్యోగం పోతుందని దాచుకున్నవాడి కథ. మన 'బ్రతుకు తెరువు' అది.

'శారద' దారి వేరు. ప్రేమించిన శేఖర్ ప్రమాదంలో పోయాడనుకున్న శారద, ఒక పెద్దాయన్ని పెళ్ళి చేసుకుంటుంది. శేఖర్ బతికొస్తాడు. చూస్తే ఆమె తన తండ్రి భార్య. రాజ్ కపూర్, మీనాకుమారి ఎదురెదురుగా నిలబడే ఆ ఘట్టాలు గొంతు పట్టేస్తాయి. శ్రీధర్ రాసిన తమిళ కథ అది. దాన్నే ప్రసాద్ గారు ముందు తెలుగులో 'ఇలవేల్పు'గా నిర్మించారు.

తర్వాత 1959లో 'చోటీ బహన్'. ఈ సినిమా దగ్గర కాసేపు కూచుందాం. అన్న బలరాజ్ సాహ్నీ, చిన్నన్న రెహమాన్, చెల్లెలు నందా. తల్లీదండ్రీ లేని ఇల్లు. పెళ్ళి కుదిరిన చెల్లెలికి కళ్ళు పోతాయి, పెళ్ళి తప్పిపోతుంది. చిన్నన్నకి డబ్బున్న భార్య వస్తుంది, ఇల్లు చీలుతుంది. శంకర్ జైకిషన్ సంగీతంలో లతా మంగేష్కర్ పాడిన రాఖీ పాట ఇందులోదే. శ్రావణ పూర్ణిమ నాడు సాక్చి బజారులో రాఖీలు కొంటుంటే ఏదో ఒక కొట్టులోంచి ఇప్పటికీ ఆ పాట వినిపిస్తుంది. కోస్తా పల్లెల్లో మన అమ్మమ్మలకి రాఖీ తెలియదు, వాళ్ళకి ఆ రోజు జంధ్యాల పౌర్ణమి. రాఖీ ఆనవాయితీ అంతగా లేని సీమ నుంచి వచ్చిన తెలుగువాడు, ఉత్తరాది అన్నాచెల్లెళ్ళందరికీ ఇన్నేళ్ళు నిలిచే రాఖీ పాటని తన సినిమాలో పెట్టుకున్నాడు. ఊరు మారితే మనం ఏమీ కాకుండా పోతామని దిగులుపడే కొత్త కోడళ్ళకి నేను చెప్పే ధైర్యం ఇది. పక్కింటి పండుగని ప్రేమగా చేసుకుంటే ఆ పండుగలో మనకీ చోటుంటుంది.

మా చిన్నప్పుడు అమ్మ, పక్క క్వార్టర్ బెంగాలీ మాసీమా కలిసి 'మిలన్' చూసొచ్చి రెండు రోజులు దాని గురించే మాట్లాడుకున్నారు. అమ్మకి హిందీ సరిగా రాదు, మాసీమాకి తెలుగు అసలే రాదు. కథ మాత్రం ఇద్దరికీ పూర్తిగా వచ్చు. 1967లో వచ్చిన ఆ 'మిలన్' మన 'మూగమనసులు'. నిర్మాత ప్రసాద్ గారు, దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు గారు. గోదావరి పడవవాడి వేషం సునీల్ దత్‌కి, అమ్మాయిగారి వేషం నూతన్‌కి వెళ్ళాయి. గౌరి వేషం మాత్రం మన జమున గారే వేశారు, ఉత్తమ సహాయ నటిగా ఫిలింఫేర్ కూడా అందుకున్నారు.

ఇది ప్రసాద్ గారిలో నాకు బాగా నచ్చిన గుణం. తను ఎక్కిన మెట్టు మీదికి మరో నలుగురికి చెయ్యి అందించారు. 1961లో 'ఇల్లరికం'ని 'ససురాల్'గా నిర్మించి, దర్శకత్వం తాతినేని ప్రకాశరావు గారికే అప్పగించారు. 1963లో 'హమ్‌రాహీ' కూడా ఆయనకే ఇచ్చారు. 1981లో 'మరోచరిత్ర'ని 'ఏక్ దూజే కే లియే'గా తీసినప్పుడు బాలచందర్ గారినీ, కమల్ హాసన్‌నీ, ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గారి గొంతునీ హిందీ దేశానికి తీసుకెళ్ళారు. బాలు గారి ఉచ్చారణ ఉత్తరాదివాళ్ళకి నచ్చుతుందో లేదోనన్న సందేహం అప్పట్లో వినిపించింది. ఆ సినిమా పాటకే బాలు గారికి జాతీయ అవార్డు వచ్చింది.

ఆడవాళ్ళ సంగతి చూడండి. 'శారద'కి శ్యామా, 'మిలన్'కి జమున, 1974 నాటి 'బిదాయీ'లో తల్లి వేషానికి దుర్గా ఖోటే, ముగ్గురికీ ఉత్తమ సహాయ నటి ఫిలింఫేర్. 1970లో ఆయన నిర్మించిన 'ఖిలోనా'కి ముంతాజ్ ఉత్తమ నటి. ఆ సినిమాకే ఉత్తమ చిత్రం అవార్డు కూడా వచ్చింది. తల్లి, చెల్లెలు, స్నేహితురాలు, ఇంటికి తెచ్చుకున్న వేశ్య... ఆయన కథల్లో బరువంతా మోసేది వీళ్ళే. నటించడానికి నిజమైన పని ఉన్న వేషాలు ఇచ్చారు కనుకే ఆ నటీమణులు అంతగా రాణించారు.

అక్కగా ఇంకొక మాట కూడా చెప్పాలి, మనసులో దాచుకోలేను. ఆ బరువు వాళ్ళే ఎందుకు మొయ్యాలి? 'శారద' తన ప్రేమని గుండెలో పూడ్చుకుని తల్లిగా నిలబడాలి. 'చోటీ బహన్' కళ్ళు పోయినందుకు ఇంటికి భారమయ్యానని కుమిలిపోవాలి. 'ఖిలోనా'లో ముంతాజ్ పడే అవమానాలు చూస్తే కడుపు మండుతుంది. 'ఏక్ దూజే కే లియే' మరీను. వేర్వేరు భాషల అమ్మాయీ అబ్బాయీ ప్రేమించుకుంటే చివరికి ఇద్దరి ప్రాణాలూ పోతాయి. మన ఊళ్ళో తెలుగమ్మాయి బెంగాలీ అబ్బాయిని, ఒడియా అమ్మాయి తెలుగబ్బాయిని చేసుకుని హాయిగా కాపురం చేస్తున్న ఇళ్ళు ఎన్ని లేవు! ఆ ముగింపు నా మనసు ఒప్పుకోదు. పిల్లలతో కూచుని చూస్తే, సినిమా అయ్యాక టీవీ కట్టేసి గట్టిగా మాట్లాడండి. చావు ప్రేమకి రుజువు కాదని, ఎంత గొడవైనా తల్లిదండ్రులతో మాట్లాడొచ్చని, మీ ఇంటి తలుపు తెరిచే ఉంటుందని మీ నోటితో చెప్పండి. సహనం గొప్ప గుణమే, ఒక్కరే సహించాల్సి వస్తే మాత్రం అది అన్యాయం. ప్రసాద్ గారి సినిమాలు ఆ అన్యాయాన్ని కళ్ళకి కట్టాయి. దాన్ని ఆపే పని మన తరానిది.

ఆయన సంపాదన ఏం చేశారో కూడా తెలుసుకోవాలి. మద్రాసులో ప్రసాద్ స్టూడియోస్ కట్టారు, ఫిలిం ల్యాబ్ పెట్టారు. ఎన్ని భాషల సినిమాలు ఆ ల్యాబులో కడిగి ప్రింట్లు తీశారో లెక్కలేదు. వ్యాపారాన్ని కొడుకు రమేశ్ ప్రసాద్ గారు నిలబెట్టారు. అమెరికా నుంచి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో కంటి ఆసుపత్రి పెడతానంటే ఆ కుటుంబం బంజారా హిల్స్‌లో స్థలమూ, కోటి రూపాయలూ ఇచ్చింది. అలా 1987లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి మొదలైంది. డబ్బు కట్టగలిగినవాళ్ళు కడతారు, కట్టలేనివాళ్ళకి అదే వైద్యం ఉచితంగా చేస్తారు. విశాఖపట్నంలో, విజయవాడలో, మనకి దగ్గర్లో భువనేశ్వర్‌లో కూడా దాని శాఖలున్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళకి కంటి బాధ ఉండి, డబ్బుకి వెనకాడుతుంటే ఈ సంగతి గుర్తుంచుకోండి. కళ్ళు పోయిన చెల్లెలి కథతో దేశాన్ని ఏడిపించిన మనిషి పేరు మీద వేల మందికి చూపు తిరిగొస్తోంది.

డెబ్బై దాటాక ఆయన మళ్ళీ మొహానికి రంగు వేసుకున్నారు కూడా. 1981లో కమల్ హాసన్ 'రాజ పార్వై'లో నాయిక తాతగా నటించారు. మన తెలుగులో 'అమావాస్య చంద్రుడు'గా వచ్చింది చూశారా, ఆ తాత ఆయనే. చూపులేని కుర్రాణ్ణి ప్రేమించిన మనవరాలి పక్షాన నిలబడే ముసలాయన. ఆయన 1994 జూన్ 22న కన్నుమూశారు. 2006లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఇప్పుడు మళ్ళీ మీ ప్రశ్నకి వస్తాను. పిల్లలకి ఏం చూపించాలి? నేనైతే ముందు 'మిస్ మేరీ' పెడతాను, నవ్వుతూ చూస్తారు. మరుసటి ఆదివారం 'మిస్సమ్మ' పెట్టండి. కథ తెలిసిపోయింది కనుక తెలుగు మాట అర్థం కాకపోయినా కూచుంటారు, ఏది ఎక్కడ మారిందో వాళ్ళే పట్టుకుంటారు. అలాగే 'మిలన్' తర్వాత 'మూగమనసులు', 'ససురాల్' తర్వాత 'ఇల్లరికం', 'జీనే కీ రాహ్' తర్వాత 'బ్రతుకు తెరువు'. తెలుగు నేర్పడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా తీయని దారి లేదు. 'శారద', 'ఖిలోనా' పెద్దపిల్లలకి ఉంచండి, మీరు పక్కన కూచుని చూపించండి.

పిల్లలకి ఆయన అవార్డుల కన్నా ముందు ఆయన ఎదురుచూసిన ఏళ్ళు చెప్పండి. చదువు రాలేదని, అప్పుల ఇంటివాడని, పరభాష ఊళ్ళో ఎవరూ లేరని ఆయన ఆగిపోలేదు. తెలుగింటి కథని హిందీవాళ్ళ ముందు పెట్టడానికి సిగ్గుపడలేదు, హిందీవాళ్ళ పండుగని తన కథలోకి తీసుకోవడానికి జంకలేదు. జంషెడ్‌పూర్‌లో పెరిగే తెలుగు పిల్లకి ఈ రెండూ వస్తే చాలు.

ఈ వారం ఒక సాయంత్రం ఖాళీ చేసుకోండి చెల్లాయిలూ. పిల్లల్నీ, అత్తగార్నీ, పక్కింటి మాసీమానీ కూచోబెట్టుకుని ఆయన సినిమా ఒకటి చూడండి. చూశాక మీ ఇంట్లో ఎవరు ఏమన్నారో నాకు రాయండి, వచ్చే నెల ముచ్చట్లలో మీ మాటలే చెప్పుకుందాం.